లమలేరా: వాటాల ఊరు



ఇండోనేషియా అనగానే మనలో చాలామందికి బాలీ గుర్తుకొస్తుంది, కొందరికి బోరోబుదూర్ స్తూపం గుర్తుకొస్తుంది. ఇవాళ నేను చెప్పబోయే ఊరు ఆ దారుల్లో తగలదు. బాలీ నుంచి తూర్పుకు బయల్దేరి లొంబోక్, సుంబావా దాటి, పొడుగాటి ఫ్లోరెస్ దీవిని ఈ చివర నుంచి ఆ చివరికి కొలిచినట్టు వెళ్తే లారంతుకా అనే రేవు పట్టణం వస్తుంది. దానికి ఎదురుగా సముద్రంలో మూడు దీవులు: సోలోర్, అదొనారా, లెంబాతా. మూడింటిలోకీ పెద్దది లెంబాతా. ఉత్తరపు ఒడ్డున లెవోలెబా అనే పట్టణంలో లాంచీ దిగి, దీవికి అడ్డంగా కొండదారిలో కొన్ని గంటలు ప్రయాణం చేస్తే దక్షిణపు ఒడ్డు కనిపిస్తుంది. లాబలేకాన్ అగ్నిపర్వతం పాదాల దగ్గర, నల్లరాళ్ల నడుమ ఒక చిన్న ఇసుక మేట. దాని మీద ఆకుల కప్పు వేసిన పాకల్లో, ముక్కులు సముద్రం వైపు పెట్టుకుని వరసగా పడవలు. వాటి వెనక కొండవాలు మీద ఇళ్లు. అదే లమలేరా. జనం రెండువేలకు అటూఇటూ ఉంటారు. పైఊరు, కిందిఊరు అని రెండు పంచాయతీలు. మాట్లాడేది లమహొలోత్ అనే భాషలో ఆ ఊరి యాస.

ఈ ఊరి వాళ్లు తిమింగలాలను వేటాడతారు. తోపులతోనో పెద్ద ఓడలతోనో కాదు. చెక్క పడవ మీద నిలబడి, వెదురు గడకు బిగించిన ఇనుప బల్లెంతో వేటాడతారు. ఈ సంగతి వినగానే కొందరికి ఆశ్చర్యం వేస్తుంది, కొందరికి కోపం వస్తుంది. రెండూ సహజమే. కానీ ఈ ఊరి గురించి చదువుతున్నకొద్దీ నన్ను పట్టుకున్నది బల్లెం కాదు, వేట ముగిశాక ఒడ్డున జరిగే పంపకం. ఈ ప్రసంగంలో ఎక్కువసేపు దాని గురించే మాట్లాడాలని ఉంది. అయితే ముందు సముద్రం సంగతి, పడవ సంగతి చెప్పకపోతే ఆ పంపకం అర్థం కాదు.

లమలేరాకు నేల లేదు. ఉన్నదంతా రాయి, ఏటవాలు. మొక్కజొన్న వేద్దామన్నా నాలుగు గింజలు నిలవని చోటు. ఎదుట మాత్రం సావు సముద్రం ఉంది. పసిఫిక్ మహాసముద్రపు నీళ్లు ఇండోనేషియా దీవుల సందుల్లోంచి హిందూ మహాసముద్రంలోకి దిగే దారుల్లో ఇదొకటి. ఒడ్డు విడిచి కాస్త దూరం పోయేసరికే లోతు ఒక్కసారిగా పడిపోతుంది. అడుగు నుంచి చల్లటి నీరు, దాంతోపాటు పోషకాలు పైకి వస్తాయి. ఆ లోతుల్లో స్క్విడ్ లాంటి మెత్తటి శరీరం గల జీవులు విస్తారంగా ఉంటాయి. వాటికోసం స్పెర్మ్ తిమింగలాలు వస్తాయి. ఇవి కిలోమీటరుకు పైగా లోతుకు మునిగి తిరిగి ఊపిరి కోసం పైకి తేలే జీవులు. మగది 16 మీటర్ల దాకా పెరుగుతుంది, బరువు 40 టన్నులు దాటవచ్చు. లమలేరా భాషలో దాని పేరు కోతెక్లెమా. నేల ఇవ్వనిది నీరు ఇస్తుందని గట్టిగా నమ్మి కాపురం పెట్టిన జనం వీళ్లు.

కాపురం పెట్టిన జనం అని ఎందుకంటున్నానంటే, వీళ్లలో చాలా వంశాలవాళ్లు బయటి నుంచి వచ్చినవాళ్లమని చెప్పుకుంటారు. ఆ కథ ప్రకారం పూర్వీకులు సులావేసీ దీవిలోని లువుక్ ప్రాంతం నుంచి బయల్దేరి, దీవి దీవి ఆగుతూ, చివరికి లెంబాతాకు తూర్పున లపాన్ బతాన్ అనే చిన్న దీవిలో స్థిరపడ్డారు. ఒకనాడు సముద్రం పొంగి ఆ దీవిని ముంచేస్తే, పడవల్లో పారిపోయి ఈ ఒడ్డుకు చేరారు. అప్పటికే ఇక్కడ నేలకు హక్కుదార్లు ఉన్నారు. వాళ్లను అడిగి చోటు సంపాదించుకున్నారు. ఈ ఒప్పందం గుర్తుపెట్టుకోండి. ఇప్పటికీ తిమింగలం ఒడ్డుకు వస్తే ఆ తొలి హక్కుదార్ల వంశాలకు వాటా వెళ్తుంది. వందల ఏళ్ల కిందట ఇచ్చిన మాటను మాంసం రూపంలో ఏటేటా చెల్లిస్తున్నారు.

ఇక పడవ. దాన్ని తేనా అంటారు, మలయ్ భాషలో పెలెదాంగ్. పొడవు పది, పన్నెండు మీటర్లు. అంటే పెద్ద మగ తిమింగలం కంటే పడవే చిన్నది. పలకలను అంచుకు అంచు ఆనించి, లోపల చెక్క చీలలు దిగ్గొట్టి, పక్కటెముకల్లాంటి అడ్డకొయ్యలకు నార తాళ్లతో కట్టి బిగిస్తారు. ఇనుప మేకు ఒక్కటి కూడా కొట్టరు. దీనికి గీసిన బొమ్మ గానీ, కాగితం మీద కొలత గానీ ఉండదు. ఏ పలక ఎక్కడ రావాలో, ఏ చెట్టు మొదలు ఏ వైపు తిరగాలో పడవ కట్టే పెద్ద వడ్రంగికి కంఠస్థం. ఆయన్ని అతామొలా అంటారు. పలకల వరస మారితే పడవకు ప్రాణం ఉండదని నమ్మకం. అవును, పడవకు ప్రాణం ఉంటుందనే వాళ్ల లెక్క. పడవ పోతే దానికి సంతాపం పాటిస్తారు. కొత్తది కట్టినప్పుడు పాత పేరే పెడతారు, కాబట్టి ఒక్కో పడవ పేరు తరతరాలుగా బతుకుతూ వస్తుంది.

తెరచాప దీర్ఘచతురస్రంగా ఉంటుంది, గెబాంగ్ అనే తాటి జాతి చెట్టు ఆకులతో అల్లుతారు. పడవ ముక్కు నుంచి ముందుకు పొడుచుకొచ్చిన వెదురు పలకల వేదిక ఒకటి ఉంటుంది. అక్కడ నిలబడేవాడే లమఫా, అంటే బల్లెం వేసేవాడు. బల్లేనికి కట్టే ముఖ్యమైన తాడు పేరు లెయో. నూలు, చెట్టు నార, ఆకుల పీచు కలిపి పేనుతారు. ఆ తాడుకు ఇంట్లో గౌరవస్థానం ఉంటుంది. దాన్ని పడవలో పడేసి రారు, వంశపు పెద్దింట్లో భద్రం చేస్తారు.

వేట కాలం మే నెలలో మొదలై సెప్టెంబరు, అక్టోబరు దాకా సాగుతుంది. దాన్ని లెఫా అంటారు. ఆ రోజుల్లో పొద్దు పొడవకముందే పడవలు నీళ్లలోకి దిగుతాయి. మిగతా కాలంలో సముద్రం మీద ఎవరికైనా తిమింగలం ఊపిరి విడిచిన నీటి ధార కనిపిస్తే 'బలేయో! బలేయో!' అని అరుస్తారు. ఆ కేక ఇంటి నుంచి ఇంటికి పాకి పైఊరి దాకా వెళ్తుంది. చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి మగవాళ్లంతా ఒడ్డుకు పరుగెడతారు.

తిమింగలం దగ్గరపడగానే తెరచాప దించి కొయ్యను పడుకోబెడతారు. ఇక తెడ్లే ఆధారం. పడవలో పదిమందికి పైగా ఉంటారు. తెడ్లు వేసేవాళ్లు, చుక్కాని పట్టేవాడు, లోపలికి వచ్చే నీటిని తోడిపోసేవాడు, తాడు చూసుకునేవాడు, లమఫాకు బల్లేలు అందించేవాడు. లమఫా వేదిక చివరన మునివేళ్ల మీద నిలబడతాడు. సరైన క్షణం రాగానే బల్లెం విసరడు. బల్లెంతో పాటు తనే దూకుతాడు. చేతి బలం ఒక్కటీ ఆ చర్మంలోకి, ఆ కొవ్వులోకి దింపడానికి చాలదు గనుక తన ఒంటి బరువంతా గడ మీద వేస్తాడు. బల్లెం దిగగానే అతను నీళ్లలో ఉంటాడు, గాయపడ్డ జంతువు పక్కనే. అక్కడి నుంచి ఈది పడవ ఎక్కాలి. ఆ లోపే తాడు బుసలు కొడుతూ బయటికి పోతుంటుంది. దాని చుట్టలో ఎవరి కాలైనా పడితే అంతే సంగతులు. తిమింగలం తోక కొట్టి పడవను పగలగొట్టడం, పడవను కిందికి లాగేయడం, కిలోమీటర్ల దూరం ఈడ్చుకుపోవడం, అన్నీ జరిగినవే. 1994 మార్చిలో ఒక తిమింగలం ఇలాగే కొన్ని పడవలను ఒడ్డు కనిపించనంత దూరం లాక్కుపోయింది. పడవలు మునిగాయి. రోజుల తరబడి దాహంతో సముద్రం మీద తేలిన మనుషులను చివరికి ఆ దారిన వెళ్తున్న ఒక పర్యాటక నౌక రక్షించింది.

అందుకే లెఫా మొదలయ్యే ముందు ఊరు చేసే మొదటి పని చనిపోయినవాళ్లను తలుచుకోవడం. లమలేరా కాథలిక్ క్రైస్తవుల ఊరు. 1920లో బెర్నార్డ్ బోడె అనే జర్మన్ మిషనరీ వచ్చి ఇక్కడ చాలా ఏళ్లు పనిచేశాడు. ఒడ్డున, పడవల పాకల పక్కనే సెయింట్ పీటర్ పేరిట చిన్న ప్రార్థనాలయం ఉంది. సముద్రంలో పోయినవాళ్ల ఆత్మల కోసం ఇసుక మీదే పూజ జరుగుతుంది. గాలికి ఆరిపోకుండా అరచేయి అడ్డం పెట్టుకుంటూ జనం కొవ్వొత్తులు వెలిగించి చిన్న చిన్న పడవల్లో నీళ్లలోకి వదులుతారు. మర్నాడు గురువు పడవలన్నిటి మీదా పవిత్ర జలం చల్లుతాడు. దీనికి ముందే, తొలి హక్కుదార్ల వంశం వాళ్లు కొండ మీద తిమింగలం ఆకారంలో ఉన్న రాయి దగ్గరికి వెళ్లి, పాత పద్ధతిలో తిమింగలాలను ఒడ్డువైపు పిలిచి వస్తారు. గుడి గంట ఒక వైపు, కొండరాయి ఒక వైపు. ఈ రెంటికీ పొత్తు కుదరదని ఊళ్లో ఎవరూ అనుకోరు. ఒకప్పుడు మాత్రం మిషనరీలు పాత ఆచారాలను మాన్పించడానికి గట్టిగానే పూనుకున్నారు. కొన్ని పోయాయి, కొన్ని నిలిచాయి.

నమ్మకాల్లో ఒకటి నాకు చాలా లోతైనదిగా అనిపిస్తుంది. వేట పదేపదే విఫలమైతే వాళ్లు బల్లేన్నో గాలినో నిందించరు. ఇంట్లో ఎవరితో ఎవరు తగాదాపడ్డారని ఆరా తీస్తారు. లమఫా ఇంట్లో భార్యాభర్తల మధ్య మాట పడినా, అన్నదమ్ముల మధ్య బాకీ నలుగుతున్నా సముద్రం ముఖం తిప్పుకుంటుందని అంటారు. పెద్దలు కూర్చుని ఆ తగువు తీర్చాకే పడవ మళ్లీ దిగుతుంది. పదిమంది ప్రాణాలు ఒకే తాడుకు వేలాడే చోట లోపలి కక్ష ఎంత ప్రమాదమో వాళ్లకు బాగా తెలుసు.

ఇప్పుడు పంపకం దగ్గరికి వద్దాం. చనిపోయిన తిమింగలాన్ని ఒడ్డుకు లాగుతారు. కోత అలల అంచున మొదలవుతుంది. ఎవరికి ఏ భాగం అనేది ఆ రోజు తేల్చేది కాదు, ఎప్పటినుంచో తేలి ఉన్నది. జంతువు శరీరం వాళ్లకు ఒక పటంలాగా కనిపిస్తుంది. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా పడవ యజమానులైన వంశానికి. ఒక్కో పడవ ఒక మనిషిది కాదు, ఒక వంశపు బంధువులందరిదీ. వాళ్లలో ప్రతివాడికీ పేరుపేరునా ముక్క ఉంటుంది. లమఫాకు వేరే భాగం. తెడ్లు వేసినవాళ్లకు వేరే. పడవ కట్టిన వడ్రంగికి వాటా ఉంది. బల్లెం సాగగొట్టిన కమ్మరికి ఉంది. తెరచాప అల్లినవాళ్లకు ఉంది. ఆ రోజు పడవ ఎక్కకపోయినా వీళ్ల వాటా వీళ్లకు అందుతుంది. పైన చెప్పిన తొలి హక్కుదార్లకు తల భాగంలోంచి ఇస్తారు. వాటా ఇంటికి చేరాక రెండో పంపకం మొదలవుతుంది. అప్పచెల్లెళ్లకు, అత్తవారికి, ముసలివాళ్లకు, మగదిక్కు లేని ఇళ్లకు ఆడవాళ్లు గిన్నెల్లో పెట్టి పంపుతారు. మొదటి పంపకం ఒడ్డున అందరూ చూస్తుండగా మగవాళ్లు చేసేది, రెండోది గడపల మధ్య ఆడవాళ్లు చేసేది. పరిశోధకులు మొదటిదాన్ని కొలతలతో సహా రాశారు. ఊరిని ఆకలి నుంచి కాపాడేది మాత్రం రెండోదేనని నా అభిప్రాయం.

మైకేల్ అల్వార్డ్, డేవిడ్ నోలిన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్తలు లమలేరా వేట మీద 2002లో ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించారు. ఒక్కడే వెళ్లి చేపలు పట్టుకుంటే ఏదో కొంత గ్యారంటీగా దొరుకుతుంది. పదిమందితో తిమింగలానికి పోతే చాలాసార్లు ఉత్తచేతులతో తిరిగి రావాలి. అయినా మనుషులు పడవ ఎందుకు ఎక్కుతారు? వాళ్ల జవాబు ఇదీ: ఉత్తచేతుల రోజులను కలుపుకున్నా తిమింగలం వేటలో మనిషికి వచ్చేది, విడివిడిగా చేపలు పట్టడం కంటే సగటున ఎక్కువ. కానీ ఆ సగటు నా ఇంటి దాకా వస్తుందన్న నమ్మకం ఉంటేనే నేను తెడ్డు పడతాను. వాటాల నియమం ఇచ్చేది ఆ నమ్మకాన్నే.

అల్వార్డ్ అక్కడ ఒక ప్రయోగం కూడా చేశాడు. ప్రపంచంలో 15 చిన్న సమాజాల్లో ఒకే ఆట ఆడించి చూసిన పెద్ద అధ్యయనంలో అదొక భాగం. ఆట ఇలా ఉంటుంది. ఇద్దరు మనుషులు, ఒకరెవరో ఇంకొకరికి తెలియదు. మొదటివాడికి కొంత సొమ్ము ఇచ్చి, రెండోవాడికి ఎంత ఇస్తావో చెప్పమంటారు. రెండోవాడు ఒప్పుకుంటే ఇద్దరూ పంచుకుంటారు. కాదంటే ఇద్దరికీ సున్నా. లమలేరాలో డబ్బు పెడితే జూదంలా ఉంటుందని సిగరెట్ పెట్టెలతో ఆడించారు. పెరూ అడవుల్లోని మచిగెంగా ప్రజలు సగటున నూటికి 26 వంతులు ఇవ్వజూపారు. పాశ్చాత్య విశ్వవిద్యాలయాల విద్యార్థులు మామూలుగా సగానికి కాస్త లోపు ఇస్తారు. లమలేరావాళ్లు సగానికి పైగానే, నూటికి 58 వంతులు ఎదుటివాడికి ఇవ్వజూపారు. ఆ 15 సమాజాల్లో సగటు సగం దాటిన చోట్లు చాలా అరుదు. ఇందులో మంచితనం పాలు ఎంత, అలవాటు పాలు ఎంత అని పండితులు వాదించుకున్నారు. నాకైతే ఆ రెంటినీ విడదీసి చూడాల్సిన అవసరం కనిపించదు. పుట్టిన దగ్గర్నుంచీ పడవ ముందు నిలబడి ముక్కలు లెక్కపెట్టడం చూసిన మనిషికి, సగం కంటే తక్కువ ఇవ్వడం ఎలాగో చేతకాదు.

ఇక ఆ మాంసం ఊళ్లోనే తిని కూర్చుంటే మొక్కజొన్న ఎక్కడి నుంచి వస్తుంది? ఆ పని ఆడవాళ్లది. మాంసాన్ని సన్నటి పేలికలుగా కోసి, ఇళ్ల ముందు వెదురు దండేల మీద ఎండబెడతారు. కొవ్వులోంచి కారే నూనెను పట్టి దీపాలకు వాడేవారు. ఎండిన ముక్కలను బుట్టలో పెట్టుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని, చీకటితోనే బయల్దేరి కొండఊళ్లకు నడుస్తారు. ఇలా సరుకు మోసుకుని మారకానికి తిరగడానికి పెనెతాంగ్ అని పేరు. కొండమీది రైతులు వాళ్లకు కొత్తవాళ్లు కారు. తల్లి ఏ ఇంటికి వెళ్లిందో కూతురు ఆ ఇంటికే వెళ్తుంది. లెక్క ఆరు ఆరుగా సాగుతుంది. ఆరింటిని ఒక ముంగా అంటారు. ఒక ఎండు ముక్కకు రెండు ముంగాలు, అంటే 12 మొక్కజొన్న కండెలు. లేదా 12 అరటిపళ్లు.

పక్కనే వులాన్‌దోనీ అనే ఊళ్లో శనివారం సంత. సముద్రం వాళ్లూ కొండవాళ్లూ అక్కడ కలుస్తారు. ఒక వైపు ఎండు మాంసం, ఎండుచేప, ఉప్పు, తమలపాకులోకి సున్నం. ఇంకో వైపు మొక్కజొన్న, వరి, కర్రపెండలం, అరటి, వక్క. అందరూ సరుకు పరుచుకుని కూర్చుంటారు గానీ ఎవరూ చెయ్యి కదపరు. సంత పెద్ద తిరిగి పన్ను వసూలు చేసుకుంటాడు, అది కూడా వస్తురూపంలోనే. ఆ తర్వాత ఈల వేస్తాడు. అప్పుడు మొదలవుతుంది మారకం. రుపియాలు తెలియక కాదు. డబ్బుతో అమ్మే సరుకు కూడా పక్కన ఉంటుంది. కాకపోతే రుపియా విలువ ఎక్కడో జకార్తాలో మారుతుంది. కండెకు, ముక్కకు మధ్య లెక్క మారాలంటే ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఒప్పుకోవాలి.

ఈ ఊరి గురించి మనకు ఇంత వివరం తెలియడానికి ముఖ్యకారణం ఒక దంపతుల జంట. రాబర్ట్ బార్న్స్ అనే మానవశాస్త్రవేత్త సముద్రం వైపు పని చేశాడు. ఆయన రాసిన 'సీ హంటర్స్ ఆఫ్ ఇండోనేషియా' 1996లో వచ్చింది. ఆయన భార్య రూత్ బార్న్స్ మగ్గం వైపు చూసింది. లమలేరా నేతల మీద ఆమె పుస్తకం 1989లోనే వచ్చింది. లమలేరా ఆడవాళ్లు నూలును ముందుగా ముడులు కట్టి, రంగులో ముంచి, తర్వాత నేస్తారు. మన పోచంపల్లిలో, చీరాలలో కట్టే పద్ధతే. నీలి రంగు, తొగరు వేరు ఎరుపు. బట్టలో తిమింగలం, పడవ, టేకు చేప బొమ్మలు తేలతాయి. పెళ్లిలో ఆడపెళ్లివారు ఇలాంటి నేతబట్టలు ఇస్తే, మగపెళ్లివారు ఏనుగు దంతాలు ఇస్తారు. లెంబాతాలో ఏనుగు లేదు. శతాబ్దాల వర్తకంలో వచ్చిన దంతాలే తరతరాలుగా ఇంటి నుంచి ఇంటికి తిరుగుతున్నాయి. అలాగే గుజరాత్ పటోలా పట్టుబట్టలు కూడా ఆ ప్రాంతపు పెద్దిళ్లలో కులధనంగా ఉన్నాయి. వాటి గళ్లను చూసే అక్కడి నేతగత్తెలు తమ గొప్ప బట్టల నమూనాలు కట్టారు. 17వ శతాబ్దంలో మన మచిలీపట్నం నుంచి డచ్చివాళ్ల ఓడల్లో వెళ్లిన అద్దకం బట్టలు కూడా చాలావరకు ఈ తూర్పు దీవుల వర్తకం కోసమే.

చుట్టుపక్కల చరిత్ర చిన్నదేమీ కాదు. తిమోర్ గంధపు చెక్క కోసం వచ్చిన పోర్చుగీసువాళ్లు 1566లో సోలోర్ దీవిలో కోట కట్టారు. 1613లో డచ్చివాళ్లు దాన్ని పట్టుకున్నారు. 1859 ఒప్పందంతో ఈ దీవులన్నీ డచ్చివాళ్ల పాలయ్యాయి. లారంతుకాలో మాత్రం గుడ్‌ఫ్రైడే నాటి మేరీమాత ఊరేగింపు పోర్చుగీసు కాలపు పద్ధతిలోనే ఇప్పటికీ జరుగుతుంది. లెంబాతా 1999లో వేరే జిల్లా అయింది. దీవికి ఉత్తరాన ఇలే లెవోతోలోక్ అనే అగ్నిపర్వతం ఉంది. అది 2020 నవంబరులో పేలింది. ఆ బూడిద కొండవాలు మీద ఉండగానే, 2021 ఏప్రిల్‌లో సెరోజా తుపాను కుండపోతగా కురిసి, బురద, బండరాళ్లు ఊళ్ల మీద పడ్డాయి. ఎన్నో ప్రాణాలు పోయాయి. ఈ నేల మీద బతుకు ఎప్పుడూ గండంతోనే ఉంటుంది.

చివరగా, ఈ వేట ఉండాలా వద్దా అన్న ప్రశ్న. దాన్ని తప్పించుకోను. స్పెర్మ్ తిమింగలం ఇవాళ ముప్పు జాబితాలో ఉన్న జీవి. ఇండోనేషియా చట్టం కూడా దాన్ని రక్షిస్తోంది. అయినా ప్రభుత్వం లమలేరా వేటను సంప్రదాయ జీవనాధారంగా సాగనిస్తోంది. ఆ ఊరు పట్టేది సగటున ఏడాదికి 20 చుట్టుపక్కల, చాలా ఏళ్లలో అంతకు బాగా తక్కువ. 20వ శతాబ్దంలో పారిశ్రామిక దేశాల ఓడలు చంపిన స్పెర్మ్ తిమింగలాలు 7 లక్షలకు పైన. యంత్రాలకు నూనె కోసం చంపారు. ఈ జాతిని ముప్పులోకి నెట్టింది ఎవరో చెప్పడానికి ఆ రెండు అంకెలు చాలు.

బయటివాళ్లు ఈ ఊరిని రెండు వైపులకూ లాగి చూశారు. 1973లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వేటను 'ఆధునికం' చేద్దామని నార్వే నిపుణుణ్ణీ, ఇంజను ఓడనూ పంపింది. వేట పెరిగింది. పంచుకోగలిగిన దానికంటే మాంసం ఎక్కువైంది. ఓడ పట్టిన తిమింగలంలో వడ్రంగికి, కమ్మరికి, తెరచాప అల్లినవాడికి వాటా ఏ లెక్కన? పథకం కొద్దికాలానికే ఆగిపోయింది. తర్వాత గాలి మళ్లింది. 2009లో సావు సముద్రాన్ని జాతీయ సముద్ర ఉద్యానవనంగా ప్రకటించారు. లమలేరా ప్రజలు గట్టిగా అడ్డుపడితే వాళ్ల వేటజలాలను ఆ సరిహద్దు బయట వదిలారు. 2014లో మంటా అనే పెద్ద టేకు చేపను దేశమంతటా పూర్తిగా రక్షించారు. అది కూడా వీళ్ల తిండిలో భాగమే. ఈలోగా ఊళ్లోకి ఇంజను పడవలు వచ్చాయి. వాటిని అక్కడివాళ్లు జాన్సన్ అంటారు. నైలాన్ వలలు వచ్చాయి. వలలో పడ్డ చేప వల కొన్నవాడిది. దానికి వాటాల పటం లేదు. కుర్రవాళ్లు చదువులకు, ఉద్యోగాలకు కుపాంగ్ నగరానికీ జకార్తాకీ వెళ్తున్నారు. వాళ్లలో కొందరు లెఫా నాటికి తిరిగి వచ్చి తెడ్డు పడుతున్నారు, కొందరు రావడం లేదు.

తిమింగలం బతకాలనే నేనూ కోరుకుంటాను. అంత పెద్ద ప్రాణి, బిడ్డను పక్కన పెట్టుకుని ఈదే ప్రాణి, దాని చావు చూసి గుండె కదలకుండా ఎవరుంటారు? లమలేరావాళ్ల గుండె కూడా కదులుతుంది. వాళ్లు దాన్ని పూర్వీకులు పంపిన కానుక అంటారు. నీలి తిమింగలాన్ని అసలు తాకరు, అది ఒకనాడు తమ పెద్దలను కాపాడిందని కథ. కాబట్టి ఆ ఊరికి దయ నేర్పాల్సిన పని ఎవరికీ లేదు. ఈ వేట ఆగాల్సిన రోజు వస్తే, ఆ మాట ముందుగా ఒడ్డున, పడవల పాకల ముందు, నేల హక్కుదార్లూ లమఫాలూ పెనెతాంగ్‌కు తిరిగే ఆడవాళ్లూ కూర్చున్న చోట చర్చకు రావాలి. ఉద్యానవనం గీతలు గీసేవాళ్లు, చట్టాలు రాసేవాళ్లు అక్కడికి వెళ్లి ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: తిమింగలం రాని ఏడాది ఆ ఊళ్లో మగదిక్కు లేని ఇంటి గిన్నెలోకి ముక్క ఎక్కడి నుంచి వస్తుంది? ఆ జవాబు చేతిలో లేకుండా వేటను నిషేధించడం అన్యాయం అని నా దృఢమైన అభిప్రాయం.